బ్లాక్‌టెయిల్ వేట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో ఒరెగాన్, వాషింగ్టన్ తీరం అడవుల్లో బ్లాక్‌టెయిల్ జింకల సీజన్ గురించి రాశాం కదా, లైసెన్స్, ట్యాగ్ (ఒక జింకని కొట్టడానికి ఇచ్చే అనుమతి చీటీ) ఎలా తీసుకోవాలో కూడా అందులోనే చెప్పాం. దానికి చాలా ఉత్తరాలొచ్చాయి, రాసినవాళ్లలో ఎక్కువమంది కొత్తగా మొదలుపెడుతున్నవాళ్లే. ఒకే సందేహం నలుగురైదుగురు అడిగితే కలిపేసి ఒక్క ప్రశ్నగా ఇస్తున్నాం.

ప్రశ్న: టిల్లమూక్ స్టేట్ ఫారెస్ట్‌లో వరసగా వీకెండ్స్ అన్నీ తిరిగాను. రోజంతా నడుస్తాను, ఆడ జింకలు ఒకటీ అరా కనిపిస్తాయి గానీ కొమ్ములున్నది ఒక్కటి కూడా కనపడలేదు. అసలు అక్కడ బక్స్ (మగ జింకలు) ఉన్నాయా? (హిల్స్‌బరో పాఠకుడు)

జవాబు: ఉన్నాయండి, మీరు నడిచిన దారి పక్కనే పడుకుని మీరు వెళ్లిపోయేదాకా కదలకుండా ఉండిపోయి ఉంటాయి. మీ ఉత్తరంలో "రోజంతా నడుస్తాను" అన్న మాట దగ్గరే నాకు విషయం అర్థమైంది. మ్యూల్ డీర్ అనే రకం జింకల్ని ఎండు కొండల్లో మైళ్లకి మైళ్లు తిరిగి వెతుకుతారు, వైట్‌టెయిల్ అనే ఇంకో రకానికి చెట్టెక్కి కూర్చుంటారు, కానీ తీరం అడవిలో బ్లాక్‌టెయిల్‌ది వేరే లెక్క. ఇక్కడి జింక పెద్దగా వలస పోదు, చాలావాటికి తిరిగే జాగా ఒక చదరపు మైలు కూడా ఉండదు, ఆ చిన్న జాగాలో ప్రతి పొదా ప్రతి సందూ దానికి తెలుసు. మనిషి వచ్చాడని తెలిస్తే పారిపోవాల్సిన పని కూడా లేదు, నాలుగడుగులు పక్కకేసి సలాల్ పొదల్లో దూరితే చాలు.

ముందు తిండి ఎక్కడుందో చూడండి. టిల్లమూక్ అడవి 1933, 1939, 1945, 1951లో మళ్లీ మళ్లీ తగలబడింది, తర్వాత మొత్తం కొత్తగా నాటారు, 1973లో స్టేట్ ఫారెస్ట్ అయింది. అందుకే అక్కడ చాలాచోట్ల ఒకే వయసు డగ్లస్ ఫిర్ చెట్లు దట్టంగా నిలబడి ఉంటాయి, పైన కొమ్మలు కలిసిపోయి కింద చీకటి, నేల మీద నాచు తప్ప జింక నోటికి అందేది ఏమీ ఉండదు. అలాంటి చోట రోజంతా నడిచినా కాళ్ల నొప్పులే మిగులుతాయి. చెట్లు కొట్టేసిన క్లియర్‌కట్ సుమారు మూడేళ్ల నుంచి పదేళ్ల వయసులో ఉన్నప్పుడు ట్రెయిలింగ్ బ్లాక్‌బెర్రీ, వైన్ మేపుల్, హకిల్‌బెర్రీ, లేత చిగుళ్లు అన్నీ ఉంటాయి, జింకలకి అదే భోజనం. ఇరవై ఏళ్లు దాటేసరికి మళ్లీ పైన మూసుకుపోతుంది. మ్యాప్‌లో శాటిలైట్ ఫోటో చూసి అలాంటి క్లియర్‌కట్ ఒకటి, దాని పక్కనే పడుకోవడానికి చిక్కటి అడవి, మధ్యలో ఆల్డర్ చెట్లున్న వాగు, ఈ మూడూ కలిసే చోటు పట్టుకోండి. సీజన్ మొత్తం అక్కడే ఉండండి, పది చోట్లు మార్చకండి. ఈ ఒక్క మాట వినండి చాలు, మిగతా సలహాలన్నీ దీని తర్వాతే.

ఇక నడక సంగతి. రెండు అడుగులు వెయ్యండి, ఆగండి, ఆగినప్పుడు నడిచినదానికంటే పది రెట్లు ఎక్కువసేపు చూడండి. ఆగేది చెట్టు పక్కనే, బయట ఖాళీలో కాదు. జింక మొత్తం కనిపిస్తుందని వెతక్కండి, అడవిలో చెట్లన్నీ నిలువుగా ఉంటాయి కాబట్టి అడ్డంగా ఉన్న గీత ఏదైనా కనిపిస్తే అది వీపు కావచ్చు, స్వోర్డ్ ఫర్న్ ఆకుల కింద సన్నటి కాలు కావచ్చు, ఒక్కోసారి తడి చెవి విదిలిస్తే నీటి చుక్కలు ఎగరడం తప్ప ఇంకేమీ కనపడదు. బైనాక్యులర్ దూరం చూడ్డానికే అని చాలామంది అనుకుంటారు, ఈ అడవిలో నలభై గజాల్లో ఉన్న పొదలోకి చూడ్డానికే అది ఎక్కువ పనికొస్తుంది, ముందున్న ఆకుల్ని ఫోకస్ తప్పించి వెనక ఏముందో చూపిస్తుంది, 8x42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది, 42 మి.మీ. లెన్స్) సరిపోతుంది.

గాలి గురించి మీరు అడగలేదు గానీ అడగాల్సింది. పొద్దున్నే చల్లగాలి కొండ మీద నుంచి కిందకి దిగుతుంది, ఎండ తగిలాక పైకి ఎక్కుతుంది, సాయంత్రం మళ్లీ కిందకి. తెల్లవారకముందు క్లియర్‌కట్ పైఅంచున కూర్చుంటే మీ వాసన సరిగ్గా జింకలున్న చోటికే దిగుతుంది. ఆడవి కనిపిస్తున్నాయి అన్నారుగా, ఆ చోటు గుర్తు పెట్టుకోండి, అక్టోబర్ చివర్లో మగవి అక్కడికే వస్తాయి.

ప్రశ్న: నేను హెచ్-1బి వీసా మీద ఉన్నాను. ఆఫీసులో ఒక అమెరికన్ ఫ్రెండ్ తన రైఫిల్ ఇస్తా వేటకి రా అంటున్నాడు. ఇంకో ఫ్రెండ్ అది నేరం, డిపోర్ట్ చేస్తారు అని భయపెడుతున్నాడు. ఎవరి మాట నిజం? (బోథెల్ పాఠకుడు)

జవాబు: రెండో ఫ్రెండ్ ఉత్తినే భయపెట్టట్లేదండి. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు, హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 అన్నీ అందులోకే వస్తాయి. "దగ్గర పెట్టుకోవడం" అంటే సొంతంగా కొనుక్కోవడమే కాదు, ఫ్రెండ్ రైఫిల్ కాసేపు చేతిలో పట్టుకున్నా అదే కిందకి రావచ్చు. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి ఈ నిషేధం లేదు.

అయితే అదే చట్టంలో మినహాయింపులున్నాయి, వాటిలో మీకు పనికొచ్చేది అమెరికాలో ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. అంటే ముందు లైసెన్స్, ఆ తర్వాతే తుపాకీ ముట్టుకోవడం, ఈ వరస తప్పకూడదు. ఇక్కడే చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. ఒరెగాన్ లైసెన్స్ డిసెంబర్ 31తో అయిపోతుంది, వాషింగ్టన్‌ది మార్చి 31తో. రైఫిల్ ఇంట్లో బీరువాలో ఉంది, సీజన్ అయిపోయింది కదా అని లైసెన్స్ రెన్యూ చెయ్యలేదు అనుకోండి, గడువు తీరిన మర్నాటి నుంచి ఆ మినహాయింపు మీకు లేనట్టే. మీరుండేది వాషింగ్టన్ కాబట్టి ఇంకో మెట్టు కూడా ఉంది, నాన్‌ఇమిగ్రెంట్లకి రాష్ట్రం విడిగా ఏలియన్ ఫైర్‌ఆర్మ్ లైసెన్స్ (విదేశీయులకిచ్చే తుపాకీ లైసెన్స్) అడుగుతుంది, అది షెరిఫ్ ఆఫీసు ద్వారా తీసుకోవాలి. గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉన్నవాళ్లు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక్కసారి మాట్లాడకుండా ఏ అడుగూ వెయ్యకండి. ఇన్నేళ్లు కష్టపడి తెచ్చుకున్న స్టేటస్ ఒక్క వీకెండ్ సరదాకి పోగొట్టుకోవద్దు.

ఇదంతా తలనొప్పి అనిపిస్తే విల్లు నేర్చుకోండి. ఫెడరల్ చట్టం లెక్కలో విల్లు ఫైర్‌ఆర్మ్ కాదు, రెండు రాష్ట్రాల్లోనూ ఆర్చరీకి వేరే సీజన్లు ఉన్నాయి. ఇంకోటి, వాషింగ్టన్‌లో 1972 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్లందరికీ హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి, అది లేకుండా మొదటి లైసెన్స్ ఇవ్వరు. రైఫిల్ సీజన్‌లో నడుము పైన 400 చదరపు అంగుళాల ఆరెంజ్ లేదా పింక్ రంగు బట్ట వేసుకోవాలి. ఒరెగాన్‌లో ఆరెంజ్ 17 ఏళ్లు, అంతకంటే చిన్నవాళ్లకే తప్పనిసరి, కానీ ఆ పొగమంచులో పెద్దవాళ్లు కూడా వేసుకోవాలనే నేను గట్టిగా చెప్తాను, జింకలకి మనకి కనిపించినట్టు ఆ రంగు కనపడదు.

ప్రశ్న: అక్టోబర్ చివర్లో ఎప్పుడు ప్లాన్ చేసినా వానే. వానలో వెళ్లడం దండగా? (యూజీన్ పాఠకుడు)

జవాబు: దండగ కాదండి, సన్నగా వాన పడుతుంటే నేనైతే సెలవు పెట్టి మరీ వెళ్తాను. ఎండు ఆకుల మీద అడుగేస్తే ఎంత దూరం వినపడుతుందో మీకు తెలుసు, అదే తడిసిన నేల మీద చప్పుడు రాదు, మీ వాసన కూడా ఎక్కువ దూరం పోదు. గాలివాన మాత్రం వేరు, చెట్లు ఊగుతుంటే జింకలు కంగారుగా ఉంటాయి, చిక్కటి చోట దాక్కుంటాయి. కానీ ఆ గాలివాన తగ్గిన మొదటి రెండు మూడు గంటలున్నాయే, రాత్రంతా తినకుండా ఉన్నవన్నీ ఒకేసారి క్లియర్‌కట్ అంచుకి వస్తాయి, అప్పుడు మీరు ఇంట్లో ఉండకూడదు.

ఇంకా అక్టోబర్ చివరి నుంచి మగ జింకల్లో రట్ (జతకట్టే కాలం) మొదలవుతుంది, నవంబర్ మొదటి రెండు వారాల్లో బాగా ఎక్కువగా ఉంటుంది. మిగతా ఏడాదంతా రాత్రిపూటే తిరిగే పెద్ద బక్ ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం కూడా ఆడదాని వెనక ముక్కు నేలకి ఆనించి నడుస్తుంది. ఒరెగాన్ పశ్చిమ భాగంలో జనరల్ రైఫిల్ సీజన్ నవంబర్ మొదట్లో అయిపోతుంది కాబట్టి ఆఖరి వారం వదులుకోకండి. వాషింగ్టన్‌లో కొన్ని యూనిట్లలో (వేట కోసం విడగొట్టిన ప్రాంతాల్లో) నవంబర్ మధ్యలో విడిగా లేట్ బక్ సీజన్ నాలుగు రోజులు పెడుతుంటారు, ఆ ఏడాది రెగ్యులేషన్స్ చూసుకోండి. కొమ్ములు రెండు కొట్టి రాపాడించే రాట్లింగ్ బ్లాక్‌టెయిల్‌కి పనిచెయ్యదు అంటారు గానీ ఈ రట్ రోజుల్లో పనిచేస్తుంది, కాకపోతే కొట్టి ఐదు నిమిషాల్లో లేచిపోతే లాభం లేదు, అరగంట కూర్చోవాలి, చాలాసార్లు చప్పుడు లేకుండా గాలికి ఎదురుగా వచ్చి పొద వెనక నిలబడి చూస్తుంది.

వానలో రెండు జాగ్రత్తలు. మొదటిది మీ ఒళ్లు. కాటన్ జీన్స్, కాటన్ బనీను వద్దు, ఉన్ని లేదా సింథటిక్ వేసుకోండి. ఐదారు డిగ్రీల చలిలో తడిసి చెమట పట్టి ఆగిపోతే హైపోథెర్మియా రావడానికి మంచు కురవక్కర్లేదు. మాట తడబడుతుంటే, వేళ్లతో జిప్ వెయ్యడం రాకపోతుంటే వేట ఆపేసి మంట వేసుకోండి లేదా కారు దగ్గరికి వెళ్లిపోండి. రెండోది నెత్తురు జాడ. మామూలుగా అయితే కాల్చాక అరగంట ఆగి వెళ్లమంటారు, వాన పడుతుంటే ఆ అరగంటలో జాడ మొత్తం కడుక్కుపోతుంది. అందుకే వానలో దూరం షాట్ వద్దు, నమ్మకం లేని షాట్ అసలే వద్దు. కాల్చిన వెంటనే జింక నిలబడ్డ చోటు ఏ మొద్దు పక్కనో, ఏ వైపు దూకిందో కళ్లతో గట్టిగా పట్టుకోండి, కదిలే ముందు మీరున్న చోట రంగు టేపు కట్టండి. నేల మీద కడుక్కుపోయినా పొదలు దాటేటప్పుడు ఒంటికి రాసుకున్న నెత్తురు ఫర్న్ ఆకుల కింద వైపు, వాన తగలని చోట మిగులుతుంది. ఒక్కో ఆకూ తిప్పి చూడండి. దెబ్బ తిన్న జింకని వదిలేసి రావడం లాంటి పాపం ఇంకోటి లేదు.

ప్రశ్న: బ్లాక్‌టెయిల్, వైట్‌టెయిల్ తేడా ఎలా తెలుసుకోవాలి? పొరపాటున వేరేది కొడితే? (రోజ్‌బర్గ్ పాఠకుడు)

జవాబు: మీరుండే ఊరికి ఇది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. డగ్లస్ కౌంటీలో కొలంబియన్ వైట్‌టెయిల్ జింకలు కూడా ఉన్నాయి. అవి 2003లో ఫెడరల్ రక్షణ లిస్టు నుంచి బయటికొచ్చాయి గానీ మామూలు బ్లాక్‌టెయిల్ ట్యాగ్ మీద వాటిని కొట్టకూడదు. కొలంబియా నది దిగువన ఉన్న గుంపుని 2016లో ఎండేంజర్డ్ నుంచి థ్రెటెన్డ్‌కి మార్చారు, వాటి జోలికి అసలు పోకూడదు.

తోక చూడండి. బ్లాక్‌టెయిల్ తోక పైభాగం మొత్తం నలుపో ముదురు గోధుమో ఉంటుంది. వైట్‌టెయిల్‌ది వెడల్పు తోక, పైన గోధుమ, పారిపోయేటప్పుడు పైకెత్తితే కింద తెల్లగా కనిపిస్తుంది. కొమ్ముల్లో కూడా తేడా ఉంది, పెద్ద బ్లాక్‌టెయిల్ కొమ్ము రెండుగా చీలి, ఆ రెండూ మళ్లీ చీలతాయి, వైట్‌టెయిల్‌కి ఒకే ప్రధాన కొమ్ము ముందుకి వంగి దాని మీద నుంచి మొనలు పైకి లేస్తాయి. ఈ రెండింట్లో ఒకటైనా స్పష్టంగా కనపడకపోతే తుపాకీ సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) తియ్యకండి.

అలాస్కాలో, బ్రిటిష్ కొలంబియా ఉత్తర తీరంలో ఉండేవి సిట్కా బ్లాక్‌టెయిల్స్, మన కొలంబియన్ వాటికంటే పొట్టిగా గుండ్రంగా ఉంటాయి. రెండూ మ్యూల్ డీర్ జాతిలో ఉపజాతులే.

ప్రశ్న: మా ఆయన పోయినేడు జింక తెచ్చారు, ఎన్ని మసాలాలు వేసినా ఒక రకం వాసన. పిల్లలు ముట్టలేదు. వండే పద్ధతి చెప్పండి. (వాంకూవర్, వాషింగ్టన్ పాఠకురాలు)

జవాబు: తప్పు మీ వంటలో లేదమ్మా, మాంసం మీ వంటింటికి రాకముందే పాడై ఉంటుంది. అక్టోబర్ మొదట్లో తీరం దగ్గర మధ్యాహ్నం ఇరవై డిగ్రీలు దాటే రోజులుంటాయి, గాలిలో తేమ, పైగా ఈగలు. జింక పడ్డాక ఫోటోలు తరవాత, ముందు పొట్ట చీల్చి పేగులు తీసెయ్యాలి, మూత్రాశయం, పేగు చిట్లకుండా చూసుకోవాలి, చిట్లితే అంటుకున్న చోటు కోసి పారెయ్యాలి. తోలు ఎంత త్వరగా ఒలిస్తే అంత మంచిది, ఆ తోలు వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. ముఖ్యంగా తొడ కీలు దగ్గర, పెద్ద ఎముక చుట్టూ ఉన్న కండ ఆఖరికి గానీ చల్లారదు, పుల్లటి వాసన అక్కడే మొదలవుతుంది, కాబట్టి తొడలు విడదీసి గాలి తగలనివ్వాలి. వెనక కాళ్ల లోపలి వైపు మోకీలు దగ్గర నల్లటి జిడ్డు వెంట్రుకల గుత్తి ఉంటుంది, అది గ్రంథి, రట్ టైమ్‌లో ఘాటుగా ఉంటుంది. దాన్ని ముట్టిన చేత్తోనో కత్తితోనో మాంసం ముట్టకూడదు.

ఇంటికొచ్చాక మీ వంతు. తెల్లటి కొవ్వు, పైన సన్నటి పొర మొత్తం తీసెయ్యండి. మేక కొవ్వులా రుచి ఇవ్వదు, నోట్లో మైనంలా అంటుకుంటుంది, వాసన చాలావరకు దానిదే. నాలుగు డిగ్రీల లోపు ఫ్రిజ్‌లో జల్లెడ మీద మూడు నాలుగు రోజులు ఆరనిస్తే మెత్తబడుతుంది. వీపు కండని కూర చెయ్యకండి, పెనం మీద తక్కువసేపు చాలు. మెడ, జబ్బ, మోకాలి కండ మాత్రం కుక్కర్‌లో పెట్టి బాగా ఉడకనివ్వండి, కొవ్వు లేదు కాబట్టి నూనె కొంచెం ఎక్కువ పడుతుంది.

పిల్లలున్న ఇల్లు కాబట్టి ఇంకో మాట. సీసం తూటా లోపల కంటికి కనపడనంత చిన్న ముక్కలై గాయం చుట్టూ దూరం దాకా వెళ్తుంది, అదే కైమాలో కలుస్తుంది. గాయం చుట్టూ ఉన్న మాంసం పిసినారితనం లేకుండా కోసి పారెయ్యమనండి, వచ్చే సీజన్‌కి రాగి తూటాలు కొనమనండి. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి అన్ని వేటలకీ సీసం లేని తూటాలే వాడాలి, మిగతా చోట్ల చట్టం అడగకపోయినా మీరు అడగండి. మిగిలిన మాంసం స్నేహితులకి ఇవ్వొచ్చు, కానీ పైసా తీసుకోకూడదు, వేట మాంసం అమ్మడం నేరం. ఇచ్చేటప్పుడు ఎవరి ట్యాగ్ మీద కొట్టిందో రాసిన చీటీ కూడా ఇవ్వండి.

ప్రశ్న: ఇండియాలో జింకని కొడితే జైలు. ఇక్కడ అదే పనికి ప్రభుత్వమే లైసెన్స్ ఇస్తుంది. మనసుకి ఎలాగో ఉంది. (బీవర్టన్ పాఠకురాలు)

జవాబు: మీ మనసుకి అలా ఉండటం మంచిదే, అలా అనిపించనివాళ్లు తుపాకీ పట్టకపోతేనే మేలు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అప్పటికి మిగిలినవి కాపాడుకోవడానికి వచ్చింది, అది రావాల్సిందే. ఇక్కడ ఏ యూనిట్‌లో ఎన్నున్నాయో అంచనా వేసి దాన్నిబట్టి సీజన్లు, ట్యాగులు పెడతారు. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద రైఫిళ్లు, తూటాల మీద 11 శాతం పన్ను వన్యప్రాణుల పనులకి రాష్ట్రాలకి వెళ్తుంది, లైసెన్స్ డబ్బులూ ఆ పనులకే పోతాయి. తీరంలో బ్లాక్‌టెయిల్‌కి ఉన్న పెద్ద కష్టాలు తిండి దొరికే లేత అడవి తగ్గడం, పేలు పట్టి వెంట్రుకలు రాలే జబ్బు. ఫిబ్రవరి మార్చిలో పిల్ల జింకలు బక్కచిక్కి ఒళ్లంతా తెల్లమచ్చలతో కనిపిస్తాయి చూడండి, అది ఆ జబ్బే, 1990ల మధ్య నుంచి ఉంది. ఈ లెక్కలన్నీ చెప్పినా ప్రాణం తియ్యడం ప్రాణం తియ్యడమే, మీకు వద్దనిపిస్తే వద్దు, ఎవరి బలవంతం మీదా వెళ్లకండి.

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్లు, వాళ్ల నాన్నతో ఒరెగాన్‌లో వేటకి వెళ్తానంటున్నాడు. (సేలం పాఠకురాలు)

జవాబు: పెద్ద జంతువుల వేటకి అక్కడ 12 నిండాలి, కాబట్టి వయసు సరిపోయింది. 18 లోపు వాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి, ఆరెంజ్ తప్పనిసరి. మొదటి ఏడాది తుపాకీ ఇవ్వకుండా బైనాక్యులర్ ఇచ్చి పంపండి, జింకని వాళ్ల నాన్నకంటే ముందు చూడటం నేర్చుకుంటే తరవాతేడు తుపాకీ సంగతి ఆలోచించొచ్చు.

ప్రశ్న: కలప కంపెనీ భూముల్లోకి వెళ్లొచ్చా? ఒలింపిక్ నేషనల్ పార్క్‌లో? (టకోమా పాఠకుడు)

జవాబు: పార్క్‌లో వేట పూర్తిగా నిషేధం. దాని చుట్టూ ఉన్న ఒలింపిక్ నేషనల్ ఫారెస్ట్‌లో వేటాడొచ్చు, సరిహద్దు మ్యాప్ ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి, లోపల సిగ్నల్ ఉండదు. కలప కంపెనీల్లో కొన్ని డబ్బు తీసుకుని పర్మిట్ ఇస్తాయి, కొన్ని సీజన్‌లో గేట్లు తెరుస్తాయి, కొన్ని కాలినడకన మాత్రం రానిస్తాయి. గేటు మీద బోర్డు చదవకుండా లోపలికి పోకండి. పొద్దున గేటు తెరిచి ఉందని కారు లోపల పెట్టి, సాయంత్రానికి తాళం పడి చిక్కుకునేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు.

ప్రశ్న: ట్యాగ్ కొన్నాను గానీ పని ఒత్తిడిలో ఒక్కరోజు కూడా వెళ్లలేదు. రిపోర్ట్ చెయ్యాలా? (రెంటన్ పాఠకుడు)

జవాబు: చెయ్యాలి. మీ వాషింగ్టన్‌లో వెళ్లినా వెళ్లకపోయినా, కొట్టినా కొట్టకపోయినా రిపోర్ట్ ఇవ్వాల్సిందే, జనవరి 31 ఆఖరి తేదీ. ఒరెగాన్‌లో డిసెంబర్ 31 లోపు ముగిసే సీజన్లకి కూడా అదే తేదీ. మర్చిపోతే తర్వాత లైసెన్స్ కొనేటప్పుడు జరిమానా కట్టాలి. ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని, "వేటకి వెళ్లలేదు" అన్న ఆప్షన్ కూడా అందులోనే ఉంటుంది.